చూచిరాత చదువులు

రాత్రి పది దాటింది. హనుమకొండలో కాకతీయ విశ్వవిద్యాలయం వైపు వెళ్లే దారిలో కిరాణా కొట్లు, బట్టల దుకాణాలు షటర్లు దించేశాయి. జిరాక్సు సెంటర్లలో మాత్రం ట్యూబులైట్లు వెలుగుతూనే ఉన్నాయి. కంప్యూటరు ముందు ఒకరు కూర్చుంటే కుర్చీ వెనక నలుగురు నిలబడ్డారు. ‘అన్నా, రేపే లాస్ట్ డేటు... జెర జల్ది కొట్టియ్యి’ అని బతిమాలుతున్నాడో కుర్రాడు. అతని చేతిలో పెన్‌డ్రైవ్, అందులో నిరుడు పాసైన సీనియర్ ఇచ్చిన ప్రాజెక్టు రిపోర్టు. చేయాల్సిన పని పెద్దగా లేదు. పాత పేరున్న చోటల్లా కొత్త పేరు, పాత హాల్‌టికెట్ నంబరున్న చోటల్లా కొత్త నంబరు. ప్రింటు తీసి, నల్లట్ట వేసి, పైన బంగారు రంగు అక్షరాలు అద్దిస్తే అయిపోయింది. పొద్దున పది గంటలకల్లా డిపార్టుమెంటులో ఇచ్చేయొచ్చు!

సెమిస్టరు చివర్లో ఏ విశ్వవిద్యాలయ పట్టణంలోనైనా కనిపించే దృశ్యమే ఇది. అక్కడున్న వాళ్లెవరి ముఖంలోనూ తప్పు చేస్తున్నామన్న బెరుకు కనిపించదు. ఉన్నదల్లా తొందరే. చిత్రమేమంటే... ఇదే కుర్రాడు రెండేళ్ల తర్వాత అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఎమ్మెస్‌లో చేరి ఇదే పని చేస్తే చదువు మధ్యలోనే ఆగిపోవచ్చు. ఇక్కడే ఉండి పీహెచ్‌డీలో చేస్తే రిజిస్ట్రేషనే రద్దవొచ్చు. డిగ్రీ దాకా ఎవరూ పట్టించుకోని పని ఆ తర్వాత ఒక్కసారిగా నేరమైపోతుంది. ఎలా?

గుడ్... డిబార్!

తెలుగులో ‘చూచిరాత’ అన్న మాటకు రెండర్థాలున్నాయి. రెండో తరగతి పిల్లాడు పై వరస చూసి కింద నాలుగు వరసలు రాస్తే అది చూచిరాత. పదో తరగతి పరీక్షలో పక్కవాడి జవాబుపత్రం చూసి రాసినా పేపర్లో వచ్చే శీర్షిక ‘జోరుగా చూచిరాత’ అనే. మొదటిదానికి టీచరు ‘గుడ్’ అని సంతకం పెడతారు. రెండోదానికి డిబార్ చేస్తారు. ఈ రెంటికీ నడుమ గీత ఎక్కడుందో మాత్రం ఏ తరగతిలోనూ చెప్పరు.

ఆలోచిస్తే, మన పిల్లల చదువంతా ఈ రెంటి నడుమే సాగుతుంది. ప్రశ్నకు జవాబు సొంతమాటల్లో రాస్తే ‘గైడులో ఉన్నట్టు లేదు’ అని మార్కు తగ్గే బడులెన్ని లేవు! ఇంటర్మీడియట్లో ప్రాక్టికల్ రికార్డు సంగతి ఇళ్లలో అందరికీ తెలిసిందే. సీనియర్ రికార్డు పక్కన పెట్టుకుని, ఎడమవైపు తెల్ల పేజీలో బొమ్మ, కుడివైపు గీతల పేజీలో ప్రయోగం, చివర్లో రీడింగులు. అన్నీ యథాతథంగా దింపుతారు. ప్రయోగం చేశాడా లేదా అన్నది తర్వాతి సంగతి. పిల్లాడు నిద్రపోతే అక్కో అమ్మో కూర్చుని బొమ్మలు పూర్తిచేసిన ఇళ్లూ ఉన్నాయి. అది ప్రేమే, కాదనలేం. కానీ పేజీ కింద సంతకం పడేది పిల్లాడి పనికి.

ఇంజినీరింగుకు వచ్చేసరికి ఇదో వ్యాపారమే. హైదరాబాద్ అమీర్‌పేటలో ‘ఐఈఈఈ ప్రాజెక్టులు చేసి ఇవ్వబడును’ తరహా బోర్డులు చూడని విద్యార్థి ఉండడు. ప్రోగ్రాము, రిపోర్టు, స్లైడ్లు కలిపి ఒకటే ప్యాకేజీ. వైవాలో ఏం అడుగుతారో, ఏం చెప్పాలో కూడా వాళ్లే నేర్పుతారు.

ఆలస్యానికీ ఓ రేటు

మన విశ్వవిద్యాలయాల్లో గడువు అంటే ఒక తేదీ కాదు... కనీసం రెండు మూడు తేదీలు! పరీక్ష ఫీజు నోటిఫికేషన్ ఏదైనా తీసి చూడండి. అపరాధ రుసుము లేకుండా ఫలానా తేదీ వరకు, రుసుముతో ఫలానా తేదీ వరకు, మరికొంత రుసుముతో ఇంకో తేదీ వరకు. ఆ తర్వాత విద్యార్థి సంఘాలు వినతిపత్రం ఇస్తే మళ్లీ ‘గడువు పొడిగింపు’. హాజరుదీ అదే దారి. వరంగల్ చుట్టుపక్కల అనేక ఇంజినీరింగ్ కళాశాలలకు అనుబంధ విశ్వవిద్యాలయమైన జేఎన్‌టీయూహెచ్‌లో 75 శాతం హాజరుండాలి. అనారోగ్య కారణం చూపి 65 శాతం వరకు తగ్గినా ‘కండొనేషన్’ ఫీజు కట్టి గట్టెక్కొచ్చు. దూరవిద్యలో దేశానికంతటికీ పెద్దదైన ఇగ్నోలో అసైన్‌మెంట్లకు 30 శాతం వెయిటేజీ ఉంది. వాటి చివరి తేదీని పొడిగించడం ఎంత మామూలంటే, మొదట ప్రకటించిన తేదీని నమ్మేవాళ్లే తక్కువ.

ఇందులో న్యాయం లేకపోలేదు. బస్సు సౌకర్యం లేని ఊరినుంచి వచ్చేవాళ్లు, పొద్దంతా పనిచేసి రాత్రి చదువుకునేవాళ్లు, స్కాలర్‌షిప్ డబ్బు సమయానికి అందనివాళ్లు ఈ పొడిగింపుల వల్లే ఏడాది నష్టపోకుండా బయటపడుతున్నారు. కాకపోతే దానివల్ల పిల్లల మనసులో ఒక లెక్క స్థిరపడిపోతుంది. ఆలస్యానికి మూల్యం రూపాయల్లో ఉంటుందని, అదీ నాన్న కడతాడని!

విదేశాల్లో ఆ లెక్క మారిపోతుంది. అక్కడ ఆలస్యానికి మార్కులే కట్టాలి. ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయం నిబంధన ప్రకారం అసైన్‌మెంట్ ఒక్కరోజు ఆలస్యమైతే గరిష్ఠ మార్కుల్లో 5 శాతం కోత. సెలవురోజుల్నీ లెక్కేస్తారు. పది రోజులు దాటితే సున్నా. అంటే 100కి 72 రావాల్సిన కుర్రాడు రెండు రోజులు ఆలస్యం చేస్తే చేతికొచ్చేవి 62. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో చాలా విశ్వవిద్యాలయాలది దాదాపు ఇదే పద్ధతి. గడువు రాత్రి 11 గంటల 59 నిమిషాలకైతే 12 గంటలా ఒక నిమిషానికి ఇచ్చింది ఆలస్యంగా ఇచ్చిందే. బతిమాలడానికి అక్కడ కౌంటరూ ఉండదు, గుమస్తా అంతకంటే ఉండడు. జ్వరం వచ్చినా, ఇంట్లో ఎవరైనా పోయినా గడువు పెంచుతారు. అయితే సాధారణంగా తేదీ దాటకముందే ఆధారాలతో అడగాలి. ‘తర్వాత వెళ్లి సారుకు చెప్పుకుందాంలే’ అనుకునే మన అలవాటు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే.

మన దగ్గరా కొన్నిచోట్ల గడువు గట్టిదే. వరంగల్‌లోనే 2014లో ఏర్పాటైన కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కిందికి పీజీ వైద్యవిద్య వస్తుంది. ఎండీ, ఎంఎస్ చేసేవాళ్లు థీసిస్‌ను పరీక్షలకు కనీసం ఆరు నెలల ముందే ఇవ్వాలన్నది భారత వైద్య మండలి 2000 సంవత్సరంలో తెచ్చిన పీజీ నిబంధనల్లోనే ఉంది. థీసిస్ ఆమోదం పొందితేనే పరీక్ష. రాత్రీ పగలూ వార్డుల్లో డ్యూటీ చేస్తూ రోగుల కేసులు కూడగట్టుకోవాల్సిన జూనియర్ డాక్టర్లకు ఆ ఆరు నెలలు ఎంత బరువో వాళ్లనే అడగాలి. ఇక పీహెచ్‌డీకి 2022 యూజీసీ నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించుకుంటే ఇంకో రెండేళ్లు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి మరో రెండేళ్ల వెసులుబాటు. మహిళలకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల వరకు ఉంటుంది. పెళ్లయ్యాక పరిశోధన ఆగిపోయిన ఆడపిల్లలున్న ఇళ్లలో తప్పకుండా తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

పది శాతం దాటితే...

2018 జులైలో యూజీసీ మొదటిసారిగా గ్రంథచౌర్యానికి కొలత పెట్టింది. సిద్ధాంత గ్రంథంలో ఇతరుల రచనలతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతమైతే ఆరు నెలల్లోపు సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాదిపాటు సవరించిన ప్రతి ఇవ్వడానికీ వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. రెండోసారి పట్టుబడితే ఒక మెట్టు పై శిక్ష. డిగ్రీ చేతికొచ్చాక బయటపడినా తప్పించుకోలేరు, ఆ పట్టాను కొంతకాలం పక్కన పెట్టొచ్చు. వ్యాసాలు కాపీ కొట్టిన అధ్యాపకులకు ఇంక్రిమెంట్లు ఆపడం, రెండు మూడేళ్లు పరిశోధకులకు గైడుగా ఉండనివ్వకపోవడం వంటివున్నాయి. ఫిర్యాదు వస్తే మొదట విభాగంలోని కమిటీ 45 రోజుల్లో తేల్చి సంస్థ స్థాయి కమిటీకి పంపాలి.

ఇలాంటి నిబంధన అవసరం తెలుగునేలకు అంతకు పదేళ్ల ముందే తెలిసొచ్చింది. 2008లో తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర ఆచార్యుడొకరు అంతర్జాతీయ పత్రికల్లో ప్రచురించిన 70కి పైగా వ్యాసాలు ఇతరుల పరిశోధనల నుంచి ఎత్తినవో, కల్పించినవో అని బయటపడి ప్రపంచ రసాయన పత్రికల్లో పెద్ద వార్త అయింది. విశ్వవిద్యాలయం ఆయన్ని పరిశోధక విద్యార్థులకు మార్గదర్శకత్వం వహించకుండా తప్పించింది.

2018 నిబంధనల్లో ఎక్కువమంది కంటపడని వాక్యమొకటుంది. ఏయే రచనలకు ఈ నియమాలు వర్తిస్తాయో చెబుతూ... పరిశోధన వ్యాసాలు, థీసిస్‌లు, డిసర్టేషన్లు, పుస్తకాలు అని వరసపెట్టారు. ఆ వెంటనే, అసైన్‌మెంట్లు, టర్మ్ పేపర్లు, ప్రాజెక్టు రిపోర్టులు, కోర్సువర్కు, వ్యాసరచనలు, జవాబుపత్రాలు వీటి పరిధిలోకి రావని రాశారు!

అంటే డిగ్రీ మొదటి ఏడాది నుంచి పీజీలో డిసర్టేషన్ రాసేదాకా విద్యార్థి చేతితో రాసే దాదాపు ప్రతిదీ ఈ కొలతకు బయటే. దానికి కారణాలు ఊహించుకోవచ్చు. ఒక్కో విశ్వవిద్యాలయం కింద వందల కళాశాలలు, లక్షల అసైన్‌మెంట్లు. అన్నింటినీ యంత్రంలో పెట్టి చూడటం కుదిరే పని కాదు. ఆ పని కళాశాలలకే వదిలేశారు. కళాశాలల్లో ఇంటర్నల్ మార్కులు ఎవరికీ తగ్గించరు, ఎందుకంటే తగ్గితే ఫలితాల శాతం తగ్గుతుంది. మొత్తానికి జరిగేదేమంటే, ఇరవై రెండేళ్లదాకా అడిగే దిక్కులేని పనికి ఇరవై ఐదో ఏట శాతాలు లెక్కేసి శిక్ష వేస్తారు.

అవగాహన కల్పించాలని అవే నిబంధనలు చెబుతున్నాయి. ప్రతి సెమిస్టర్‌లో సదస్సులు పెట్టాలని, డిగ్రీ, పీజీ పాఠ్యాంశాల్లోనూ ఈ విషయం చేర్చాలని ఉంది. 2019 డిసెంబరులో పీహెచ్‌డీ కోర్సువర్కులో ‘పరిశోధన, ప్రచురణ నైతికత’ పేరుతో రెండు క్రెడిట్లు, 30 గంటల పాఠం తప్పనిసరి చేశారు. మంచిదే. కానీ ఆ పాఠం వినేది పీహెచ్‌డీలో చేరిన కొద్దిమందే కదా!

యంత్రానికి తెలుగు వస్తుందా?

థీసిస్ సిద్ధమయ్యాక గ్రంథాలయంలో సాఫ్ట్‌వేర్‌తో పరీక్షిస్తారు. 2019 నుంచి కేంద్రం ‘శోధ్‌శుద్ధి’ పథకం కింద విశ్వవిద్యాలయాలకు ఈ సౌకర్యం ఉచితంగా ఇస్తోంది. మొదట ఉర్కుండ్ అనే విదేశీ సాఫ్ట్‌వేర్ ఉండేది, తర్వాత బెంగళూరు సంస్థ డ్రిల్‌బిట్ వచ్చింది. ఆమోదం పొందిన సిద్ధాంత గ్రంథాల్ని ‘శోధ్‌గంగ’లో పెడుతున్నారు కాబట్టి, ఇదివరకటిలా గువాహటిలో వచ్చిన థీసిస్‌ను వరంగల్‌లో దించితే ఎవరికి తెలుస్తుందిలే అనుకోవడానికి లేదు.

అయితే యంత్రం దొంగతనాన్ని పట్టదు. పోలికను లెక్కిస్తుంది, అంతే. కొటేషన్ గుర్తుల్లో పెట్టి, ఎవరిదో చెప్పి రాసిన భాగం, ఆధార గ్రంథాల పట్టిక, ముందుమాట, కృతజ్ఞతలు, చట్టాలు, సమీకరణాలు లెక్కలోంచి తీసేయాలి. అనుకోకుండా వరసగా 14 పదాల వరకు కలిసినా పట్టించుకోరు. ఈ 14 అన్న అంకె ఇంగ్లిషును దృష్టిలో పెట్టుకున్నదే. మనం ‘వచ్చినవాళ్ల పుస్తకాల్లో’ అని రెండు మాటల్లో అనేదానికి ఇంగ్లిషులో ఏడెనిమిది మాటలు కావాలి. తెలుగులో 14 పదాలంటే చిన్నపాటి పేరానే!

తెలుగు శాఖల్లో ఇంకో చిక్కుంది. థీసిస్‌లు ఇప్పటికీ చాలావరకు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో తయారవుతాయి. కంటికి తెలుగే. కంప్యూటరు లోపల మాత్రం అవన్నీ ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులే. యూనికోడ్‌లో ఉన్న అసలు రచనతో వాటిని పోల్చడం సాఫ్ట్‌వేర్ తరం కాదు. స్కాన్ చేసిన పేజీలైతే దానికి అవి ఉట్టి బొమ్మలు. కాబట్టి తెలుగు థీసిస్‌కు యంత్రం ‘సున్నా శాతం’ అని సర్టిఫికెట్ ఇస్తే అది నిజాయతీకి రుజువు కాకపోవచ్చు. ఇక్కడ ఆ విషయం క్షుణ్నంగా చదివిన గైడే గతి.

ఇంగ్లిషులో రాసేవాళ్లు యంత్రాన్ని ఏమార్చడానికి ఇంకో తోవ తొక్కారు. మాటకు మాట పర్యాయపదం వేసే సాఫ్ట్‌వేర్లలో పెట్టి తిప్పడం. 2021లో ఫ్రాన్స్‌కు చెందిన గియోమ్ కబనాక్, ఆయన సహచరులు ఇలాంటి వ్యాసాల్ని గుట్టలుగా బయటపెట్టారు. ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ కాస్తా ‘కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్’ అయింది, అంటే దొంగ స్పృహ! ‘బ్రెస్ట్ క్యాన్సర్’ ఏకంగా ‘బూజమ్ పెరిల్’గా మారింది. గైడు ఒక్కసారి చదివి ఉంటే దొరికిపోయే మాటలివి. చదవలేదనే కదా అర్థం.

ఎవరిది ఎంతో చెప్పడం మన నేలకు కొత్తదేం కాదు. ఒకప్పటి వరంగల్ జిల్లా, ఇప్పటి జనగామ జిల్లా బమ్మెర పోతనదని చెప్పుకొనే భాగవతంలో ఐదో స్కంధం గంగనది, ఆరోది సింగనది, చివరి రెండూ వెలిగందల నారయవి. ఆయా స్కంధాల చివర గద్యలో ఎవరి పేరు వాళ్లదే ఉంది. ఐదారువందల ఏళ్ల తర్వాతా పోతన పద్యమేదో, నారయ పద్యమేదో చదువరికి తెలుస్తోందంటే ఆ నాలుగు వాక్యాల వల్లే.

ఇచ్చినవాడూ దోషే

విమానం ఎక్కబోయే పిల్లలకు ముందే చెప్పాల్సిన విషయం ఇంకోటుంది. మన దగ్గర అసైన్‌మెంట్ అడిగిన స్నేహితుడికి ఇవ్వకపోతే వాడు స్వార్థపరుడు. అక్కడ ఇస్తే ఇద్దరూ దోషులే. కాపీ కొట్టినవాడితోపాటు కొట్టనిచ్చినవాడికీ విచారణ నోటీసు వస్తుంది. ఒకే గదిలో నలుగురు తెలుగు విద్యార్థులుండి, ఒకడు రాసిన ప్రోగ్రామును మిగతా ముగ్గురూ పేర్లు మార్చి ఇస్తే నలుగురి ప్రోగ్రాములూ పక్కపక్కన తెర మీదికొస్తాయి. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు అలెక్స్ ఐకెన్ 1994లో తయారుచేసిన ‘మాస్’ అనే సాధనం చేసే పని అదే. వేరియబుల్ పేర్లు మార్చినా, మధ్యలో ఖాళీలు పెట్టినా అది ప్రోగ్రాము నిర్మాణాన్నే పోల్చి చూస్తుంది. మొదటి తప్పుకు చాలాచోట్ల ఆ అసైన్‌మెంట్‌కో, సబ్జెక్టుకో సున్నా. రెండోసారైతే సస్పెన్షన్ దాకా వెళ్లొచ్చు. అమెరికాలో ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థికి సస్పెన్షన్ అంటే ఒక సెమిస్టరు పోవడంతో ఆగదు. చదువుతూ ఉంటేనే ఆ వీసా హోదా నిలుస్తుంది. ఇక్కడ ఇంటి కాగితాలు తాకట్టు పెట్టి బ్యాంకులోను తీసుకున్న తండ్రికి ఆ కబురు ఎలా చేరవేయాలో ఆ పిల్లాడికి తోచదు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక పరిస్థితి మరీ చిక్కుపడింది. ఇప్పుడు సీనియర్ పెన్‌డ్రైవూ అక్కర్లేదు. దాన్ని పట్టే సాధనాలూ వచ్చాయి, వాటి లోపాలూ బయటపడ్డాయి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ఇంగ్లిషు మాతృభాష కాని విద్యార్థులు సొంతంగా రాసిన 91 టోఫెల్ వ్యాసాల్ని ఏడు సాధనాలతో పరీక్షిస్తే, సగటున 61 శాతం వ్యాసాల్ని యంత్రమే రాసిందని తేల్చాయవి. తేలికైన మాటలు, చిన్న వాక్యాలు, ఒకే తీరు నిర్మాణం... మన పిల్లలు నేర్చుకొచ్చిన ఇంగ్లిషు అదే కదా! అమెరికాలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం 2023 ఆగస్టులో టర్నిటిన్‌లోని ఏఐ గుర్తింపు సౌకర్యాన్ని ఆపేసింది. అలా ఆపని చోట్ల నిజంగా తానే రాసిన విద్యార్థి కూడా నిరూపించుకోవాల్సి వస్తోంది. అలాంటప్పుడు ఆదుకునేది చిత్తుప్రతులే. మొదటి రోజు రాసిన అరకొర పేజీ, దిద్దిన రెండో ప్రతి, చదివిన వ్యాసాల మీద పెన్సిల్ గీతలు... ఏవీ పారేయకూడదు.

ఇంట్లో చేయగలిగింది కొంత ఉంది. పిల్లాడి ప్రాజెక్టు ఏమిటో అన్నం తినేటప్పుడు ఓసారి చెప్పమనండి. అమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగితే వాడు చేసినట్టే. ఏ పుస్తకంలోంచి తీసుకున్నాడో పేజీ నంబరుతో సహా అప్పటికప్పుడు రాసుకోవాలి. చివర్లో వెతుక్కుందామంటే దొరకదు. ఆధారాల పట్టిక తయారుచేసే జొటెరో లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే వస్తాయి. థీసిస్ అయితే చివరి వారం దాకా ఆగకుండా ఒక్కో అధ్యాయం పూర్తవగానే గైడు ద్వారా గ్రంథాలయంలో పోలిక నివేదిక ఇప్పించమని అడగొచ్చు. దిద్దుకోవడానికి టైముంటుంది.

మళ్లీ జిరాక్సు సెంటరు దగ్గరికొస్తే... పదకొండు కావస్తోంది. కుర్రాడి రిపోర్టు ప్రింటు అవుతోంది. టైటిల్ పేజీ తర్వాత వచ్చే కాగితం ధ్రువీకరణ పత్రం. ‘ఈ పని నేను స్వయంగా చేసినది, మరెక్కడా సమర్పించనిది’ అని కింద సంతకం చేయాల్సిన పేజీ. అదీ సీనియర్ ఫైల్లోదే. విభాగం ఇచ్చిన నమూనా కాబట్టి దాన్ని మాత్రం అక్షరం పొల్లుపోకుండా దించినా ఎవరూ తప్పుపట్టరు. కాకపోతే ఆ ఒక్క పేజీలో పాత పేరు మార్చడం కుర్రాడు మరిచిపోయాడు. కంప్యూటరు ముందున్న అన్నే చూసి, కాగితం తీసి పక్కన పెట్టాడు.

‘ఏం పేరు తమ్మీ నీది?’